ఎండాకాలంలో సూర్యుడు దగ్గరికొస్తాడని చెప్పేశాను, ఇప్పుడేం చెయ్యను?

బ్రాడీపేట ట్యూషన్ మేడం
జనవరి 28, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి హాల్లోనే ట్యూషన్ చెప్తాను. ఎనిమిది నుంచి పది దాకా మొత్తం పద్నాలుగు మంది పిల్లలు. సాయంత్రం ఐదున్నరకి మొదలుపెడితే చివరివాడి చెప్పులు గుమ్మంలోంచి కదిలేసరికి ఎనిమిది దాటుతుంది. నేను చదివింది బీకాం. 2020లో బళ్ళు మూసేసినప్పుడు పై వాటా వాళ్ళ ఇద్దరు పిల్లలకి లెక్కలు చెప్పాను. అలా మొదలై ఇప్పుడు తెలుగు, ఇంగ్లీషు, సైన్సు, సోషల్ అన్నీ నా నెత్తి మీదకే వచ్చాయి. డెబిట్టు, క్రెడిట్టు తప్ప అన్నీ చెప్తున్నావని మావారు ఎగతాళి చేస్తుంటారు.

కిందటి వారం తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు "ఎండాకాలం ఎందుకొస్తుంది మేడం?" అని అడిగాడు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి పిల్లకి లెక్క దిద్దుతున్నాను. స్టవ్ మీద కుక్కరు. రెండు విజిల్స్ అయ్యాయి, మూడోది రావాలి. తలైనా ఎత్తకుండా "ఆ నెలల్లో భూమి సూర్యుడికి దగ్గరగా జరుగుతుంది రా, అందుకే" అనేశాను. వాడు బుద్ధిగా రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాడు. సోమవారం బళ్ళో మాస్టారు అడిగితే లేచి అదే చెప్పాడట. ఆయన "భూమి సూర్యుడికి బాగా దగ్గరుండేది జనవరిలో. మరి పొద్దున్నే స్వెట్టరెందుకు వేసుకొచ్చావు?" అన్నారట. క్లాసంతా నవ్వింది.

వాడు వచ్చి నాతో పోట్లాడితే బాగుండేది. "మేడం, అది కాదంట" అని మెల్లగా చెప్పి, నోట్సులో ఆ లైను కొట్టేశాడు. కింద గీసిన గీత మాత్రం అలాగే ఉంది.

వాళ్ళ నాన్న మిర్చియార్డులో గుమాస్తా. ఆ రాత్రి ఫోన్ చేశారు. గొంతు పెంచలేదు. "నెలకి ఏడొందలు ఇస్తున్నాం కదమ్మా, మీకే తెలియకపోతే ఎట్లా?" అన్నారు. ఏం చెప్పాలో తోచక "చూస్తానండీ" అని పెట్టేశాను.

తప్పు చెప్పానని అందరి ముందూ ఒప్పుకుంటే పిల్లలు ఇక నేను చెప్పేది నమ్ముతారా? "తెలీదు, రేపు చెప్తాను" అని వారానికి ఎన్నిసార్లు అనొచ్చు? ఇక్కడ ఏళ్ళ తరబడి చెప్తున్నవాళ్ళు ఉన్నారని అడుగుతున్నాను.

ఇంకో సంగతి. ఆ రోజు నుంచీ నేను సరిగ్గా చెప్పలేకపోయినవన్నీ పాత లాంగ్ నోట్‌బుక్కులో రాస్తున్నాను. వారంలోనే పేజీన్నర నిండింది. అందులో బాగా ఇబ్బంది పెట్టినవి ఇవి: ఏ సంఖ్యకైనా ఘాతం సున్నా అయితే 1 ఎందుకవుతుంది, సున్నా ఎందుకు కాదు? కూరకాయలు అనకుండా కూరగాయలు అని ఎందుకంటాం, అది ఏ సంధి? కారం తిన్నాక నీళ్ళు తాగితే మంట తగ్గదు, మజ్జిగ తాగితే తగ్గుతుంది, ఎందుకని? (ఇది ఆ గుమాస్తా గారబ్బాయిదే.) అమరావతి శిల్పాలు లండన్‌కి ఎలా వెళ్ళాయి? తెలిసినవాళ్ళు తలా ఒకటి చెప్తే పుణ్యం ఉంటుంది.

రిటైర్డ్ మాస్టారు, సత్యనారాయణపురం
జనవరి 29, ఉదయం 6:15

అమ్మా, ఆ నోట్‌బుక్కు మాత్రం పారెయ్యకండి. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరై, విజయవాడలో ఉంటున్నాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒకమ్మాయి కరెంటు తీగ మీద వాలిన పిట్ట ఎందుకు చావదని అడిగింది. పిట్ట కాళ్ళు రబ్బరులాంటివని చెప్పాను. ఆ అమ్మాయికి ఇప్పుడు మనవలు పుట్టే వయసు. ఇంకా అదే నమ్ముతోందేమో, వాళ్ళకీ అదే చెప్తుందేమో అని అప్పుడప్పుడు గుర్తొస్తుంటుంది. (పిట్ట రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉంటాయి. వాటి మధ్య వోల్టేజి తేడా దాదాపు ఉండదు కాబట్టి ఒంట్లోంచి కరెంటు పారదు. ఇదీ రాసి పెట్టుకోండి, ఎవడో ఒకడు అడుగుతాడు.)

ఇక ఎండాకాలం. మీరు చెప్పింది తప్పే, అయితే డిగ్రీలున్నవాళ్ళు కూడా చెప్పే తప్పు. జనవరి మొదటి వారంలో భూమికీ సూర్యుడికీ మధ్య దూరం సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. జూలై మొదటి వారంలో 15 కోట్ల 21 లక్షలు. తేడా 50 లక్షల కిలోమీటర్లు. వినడానికి చాలా ఉంది కానీ మొత్తంలో నూటికి మూడు వంతులే. మన ఎండలు దూరాన్ని బట్టి రావని పిల్లలకి ఒక్క ముక్కలో చెప్పాలంటే క్రికెట్ పట్టుకోండి. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో టెస్టు మ్యాచ్ మొదలవుతుంది. మనం దుప్పటి కప్పుకుని టీవీ పెడితే అక్కడ జనం టోపీలు పెట్టుకుని ఎండలో కూర్చుని ఉంటారు. దగ్గరికి రావడమే కారణమైతే ఎండాకాలం వాళ్ళకీ మనకీ ఒకేసారి రావాలి కదా?

కారణం భూమి అక్షం వంపు, 23½ డిగ్రీలు. ఆ వంపుతోనే చుట్టూ తిరగడం వల్ల కొన్ని నెలలు సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు, కొన్ని నెలలు దక్షిణానికి వాలి ఉంటాడు. నడినెత్తిన ఉంటే కిరణాలు నిట్టనిలువుగా పడతాయి, వాలితే ఏటవాలుగా పరుచుకుంటాయి. రాత్రి కరెంటు పోయినప్పుడు ఫోన్ టార్చి గ్రాఫ్ కాగితం మీదకి నిలువుగా పట్టి వెలుగు ఎన్ని గళ్ళలో పడిందో లెక్కపెట్టించండి. తర్వాత అదే ఎత్తు నుంచి వాల్చి పట్టించండి. గళ్ళు పెరుగుతాయి, వెలుగు పలచబడుతుంది. ఉన్న వేడినే ఎక్కువ నేల పంచుకుంటోందని వాళ్ళకే తడుతుంది. పైగా చలికాలంలో పగలు కూడా పొట్టి.

మీరు అసలు అడిగింది నమ్మకం గురించి కదా. నోటితో సారీ చెప్పి ఊరుకుంటే పిల్లలకి గుర్తుండేది సారీయే. తప్పు ఒప్పుకోండి, ఒప్పుకుని వాళ్ళని డాబా మీదకి తీసుకెళ్ళండి. ఒక పుల్లని చపాతీ పిండి ముద్దలో గుచ్చి నిలబెట్టండి, నేల నుంచి కొస దాకా 30 సెంటీమీటర్లు ఉండాలి. నిటారుగా ఉందో లేదో దారానికి తాళంచెవి కట్టి చూసుకోండి. మధ్యాహ్నం నీడ బాగా పొట్టిగా ఉన్నప్పుడు కొలవండి. గడియారంలో సరిగ్గా పన్నెండింటికి ఆ పొట్టి నీడ రాదు, కంగారుపడకండి. మన గడియారం 82½ డిగ్రీల రేఖాంశానిది, ఆ రేఖ కాకినాడ దగ్గర్నుంచి పోతుంది. మనం దానికి పడమట ఉన్నాం, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున గుంటూరుకి 8 నిమిషాలు ఆలస్యం. ఇదిగాక నెలని బట్టి ఇంకొన్ని నిమిషాల తేడా ఉంటుంది, ఆ గొడవ పిల్లలకి ఇప్పుడొద్దు. ఫిబ్రవరిలో అయితే 12:20 దాటాక చూడండి.

నెలకోసారి కొలిచి గోడ మీద రాయించండి. నీడ కురచవుతూ వస్తుంది. గుంటూరుకి మే 5, 6 తేదీల్లో, మా బెజవాడకి ఒక రోజు అటూ ఇటూగా, నీడ పూర్తిగా మాయమవుతుంది. జూన్‌లో మళ్ళీ కనపడుతుంది, ఈసారి దక్షిణం వైపు! నేను రిటైరయ్యే ఏడాది దాకా మా స్టాఫ్‌రూములో ఈ మాట నమ్మని మాస్టార్లు ఉన్నారు. ఒకాయనతో టీ పందెం కూడా వేశాను.

పటమట మ్యాథ్స్ సార్
జనవరి 29, మధ్యాహ్నం 2:05

మాస్టారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, డాబా మీద పుల్లలు పాతే తీరిక అందరికీ ఉండదు. నా దగ్గర పదో తరగతి వాళ్ళే నలభై మంది. మార్చిలో పబ్లిక్. అమ్మానాన్నలు అడిగేది ఆరొందలకి ఎన్ని వస్తాయనే. మీ గుమాస్తా గారు కూడా అదే అడుగుతారు, ఇవాళ కాకపోతే వచ్చే ఏడు.

అందుకని నేను చేసేది చెప్తాను. డౌట్లకి ఆదివారం ఒక గంట. మిగతా రోజుల్లో ఎవరు ఏం అడిగినా చీటీ మీద రాసి డబ్బాలో వెయ్యాలి. నాకు ఆలోచించుకోవడానికి టైం దొరుకుతుంది, కుక్కరు విజిల్ మధ్య జవాబు చెప్పే అవసరం రాదు. ఇంకోటి, అర్థం చేసుకోవడానికి మనం చెప్పేది వేరు, పేపర్లో రాయాల్సింది వేరు. టార్చి, గళ్ళు అని రాస్తే దిద్దేవాడికి ఓపిక ఉండదు. "అక్షం వంపు", "పరిభ్రమణం", "ఏటవాలు కిరణాలు" అనే మాటలు కనపడితే చెయ్యి ఆగుతుంది, మార్కు పడుతుంది. ఆ మాటలు రాయించకుండా వదిలెయ్యకండి.

మీ ఘాతాల డౌట్ తేలిక. 2 ఘాతం 3 అంటే 8. ఘాతం 2 అయితే 4. ఘాతం 1 అయితే 2. ఘాతం ఒకటి తగ్గినప్పుడల్లా సగమవుతోంది. మరి 2కి సగం ఎంత? 1. అదే ఘాతం సున్నా. ఇంకో మెట్టు దిగితే ½, అది ఘాతం మైనస్ 1. మూడుతో చేస్తే 27, 9, 3, ఆ తర్వాత 1. నేను సూత్రం చెప్పను, బోర్డు మీద 27, 9, 3 రాసి పక్కన చాక్‌పీస్ పెట్టి వచ్చేస్తాను. ఎవడో ఒకడు లేచి 1 రాస్తాడు. సున్నాకి ఘాతం సున్నా ఎంత అని అడిగే ఘటికుడు ఒకడుంటాడు, బడి లెక్కల్లో దానికి విలువ నిర్వచించలేదని చెప్పండి.

కొత్తపేట తెలుగు పంతులు
జనవరి 29, సాయంత్రం 7:40

కూరగాయల పిల్ల ఎవరో గానీ దీవెనలు. పాతికేళ్ళుగా ఈ సంధిని నేను చెప్పి పిల్లలు అప్పజెప్పడమే గానీ, "ఎందుకు" అని అడిగినవాళ్ళు తక్కువ.

అది గసడదవాదేశ సంధి. రెండు మాటలు "ఇదీ, అదీ" అని జంటగా కలిసి ద్వంద్వ సమాసమైతే, రెండో మాట మొదట ఉన్న క, చ, ట, త, ప లు వరసగా గ, స, డ, ద, వ లవుతాయి. కూరా, కాయా కలిసి కూరగాయలు. తల్లీ, తండ్రీ తల్లిదండ్రులు. అన్నా, తమ్ముడూ అన్నదమ్ములు. టక్కూ, టెక్కూ టక్కుడెక్కులు. ఊరూ, పల్లే ఊరువల్లెలు. అక్కా, చెల్లీ అయితే అక్కసెల్లెండ్రు, కానీ మనం నోటితో అక్కచెల్లెళ్ళనే అంటాం, అక్కడ పిల్లలు తికమకపడతారు. అన్నదమ్ములు మారి అక్కచెల్లెళ్ళు మారకపోవడం అన్యాయం సార్ అని ఒకమ్మాయి నన్ను నిలదీసింది. గ్రంథంలో మారిందమ్మా, ఇంట్లోనే మారలేదు అన్నాను.

ఈ క, చ, ట, త, ప లని పరుషాలంటారు, పలకడానికి కటువు. మాటల మధ్యకి వచ్చేసరికి నాలుక కాస్త మెత్తబరుస్తుంది. కూరకాయలు అని పదిసార్లు గబగబా అనమనండి, ఏడోసారికి కూరగాయలే వస్తుంది. సంధులు పుస్తకంలోకి ఎక్కకముందు నోట్లోనే పుట్టాయి.

పిల్లలు దీన్ని సరళాదేశ సంధితో కలిపేస్తారు, మార్కులు పోయేది అక్కడే. రెండింట్లోనూ క గ అవుతుంది, ట డ అవుతుంది, త ద అవుతుంది. తేడా చ, ప ల దగ్గర తెలిసిపోతుంది. గసడదవల్లో అవి స, వ అవుతాయి. సరళాదేశంలో జ, బ అవుతాయి. క, ట, త వచ్చినప్పుడు మాత్రం మొదటి మాట తోక చూడాలి. "పూచెన్ + కలువలు" అన్నట్టు చివర ద్రుతం, అంటే నకారం ఉంటే సరళాదేశం, పూచెఁగలువలు. తల్లి చివర, అన్న చివర, కూర చివర నకారం ఎక్కడుంది? లేదు. తేలిపోయింది.

మీరు బీకాం అని మొహమాటపడకండమ్మా. నేను తెలుగు ఎమ్మే, మా అబ్బాయి ఎనిమిదో తరగతి బీజగణితం అడిగితే పక్కింటికి పంపేవాణ్ణి.

ఇంటర్ కుర్రాడు
జనవరి 29, రాత్రి 9:30

పంతులు గారూ, నేను నిరుడు ఫోన్‌లో ఏఐని అడిగితే తల్లిదండ్రులు సరళాదేశ సంధి అని చెప్పింది. పరీక్షలో అదే రాసి వచ్చాను 😭

మేడం, నా మాట కూడా వినండి. నేను టెన్త్‌లో వెళ్ళిన ట్యూషన్‌లో ఏం అడిగినా "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అనేవాళ్ళు. నాలుగోసారి తర్వాత నేను అడగడమే మానేశాను. పక్కవాడు అడిగినా లోపల నవ్వుకునేవాణ్ణి, ఎందుకురా అడుగుతావు అని. మీ పిల్లవాడు వచ్చి "అది కాదంట" అని మీకు చెప్పాడు కదా. మా దగ్గర ఎవరూ చెప్పేవాళ్ళు కాదు, బయట గేటు దగ్గర చెప్పుకుని నవ్వేవాళ్ళం.

ఫార్మసీ, గుంటూరు
జనవరి 30, ఉదయం 11:20

కారం సంగతి నాకొదిలెయ్యండి, మా ఇంటి ముందు నుంచే మిరప టిక్కీల (బస్తాల) లారీలు పోతాయి. సీజన్లో గాలి తిరిగిందంటే మా వీధిలో దగ్గని మనిషి ఉండడు.

మిరపలో మంట పుట్టించే పదార్థం పేరు కాప్సైసిన్. అది నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో, కొవ్వులో కరుగుతుంది. నీళ్ళు తాగితే అది కడుక్కుపోదు, నోరంతా పరుచుకుంటుంది, అంతే. పాలల్లో, పెరుగులో, మజ్జిగలో కేసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది కాప్సైసిన్‌ని పట్టుకుని నాలుక మీద నుంచి తీసుకుపోతుంది. కొవ్వు కూడా కొంత సాయం చేస్తుంది. కారప్పొడి అన్నంలో మనవాళ్ళు నెయ్యి దట్టంగా వేసుకునేది రుచికే అయినా, ఈ పని కూడా జరిగిపోతుంది.

అసలు అది మంటలా ఎందుకు అనిపిస్తుంది అని వాడు తప్పకుండా అడుగుతాడు, సిద్ధంగా ఉండండి. మన నరాల్లో వేడిని కనిపెట్టే గ్రాహకం ఒకటుంది, సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే మెదడుకి కబురు పంపుతుంది. కాప్సైసిన్ ఆ గ్రాహకానికే అతుక్కుని దాన్ని తెరుస్తుంది. నిజంగా ఏమీ కాలడం లేదు, కాలుతోందన్న కబురు మాత్రం వెళ్ళిపోతుంది. ఈ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది, స్పర్శ మీద పనిచేసిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. పక్షుల్లో ఆ గ్రాహకం కాప్సైసిన్‌కి స్పందించదు. అందుకే చిలక పండుమిరపకాయని జాంపండులా తింటుంది.

పనిలో పనిగా ఇంకోటి. పండుమిరప పచ్చడి రుబ్బి చేతులు మండితే నీళ్ళ కింద పెట్టి ఏడవకండి. ముందు వంటనూనె రాసుకుని, తర్వాత సబ్బుతో కడగండి.

సోషల్ టీచర్, మంగళగిరి
జనవరి 30, రాత్రి 8:15

అమరావతి గురించి క్లుప్తంగా రాస్తాను, సెన్సస్ డ్యూటీ కాగితాలు ముందేసుకుని ఉన్నాను.

1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేసరికే ఊరి నిర్మాణాల కోసం బౌద్ధ స్తూపం దిబ్బని తవ్వుతున్నారు. ఆయన మళ్ళీ 1816లో వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో ఇంకో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి శిల్పాలున్న రాతి పలకల్ని మద్రాసు పంపాడు. వాటిలో చాలావాటిని 1859లో ఓడ మీద లండన్ పంపించారు, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మద్రాసులో మిగిలినవీ, తర్వాత దొరికినవీ చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో చూడొచ్చు.

పిల్లలకి ఇంతవరకు చెప్తే "దొంగలు మేడం" అని ఆగిపోతారు. అక్కడ ఆపకండి. ఆ పలకలు పల్నాటి సున్నపురాయి. లండన్ వెళ్ళినవి పోగా కొన్ని ఇక్కడే సున్నం బట్టీల్లో కాలిపోయాయి. సైన్సులో కాల్షియం కార్బొనేట్‌ని వేడిచేస్తే కాల్షియం ఆక్సైడ్ వస్తుందని చెప్తారు కదా, అదే. మా పదో తరగతిలో ఈ రెండూ కలిపి చెప్పిన రోజు వెనక బెంచీ కుర్రాడు "అంటే ఎవరింటి గోడకో బుద్ధుడి బొమ్మ సున్నం కొట్టారా?" అన్నాడు. నా దగ్గర దానికి జవాబు లేదు.

బ్రాడీపేట ట్యూషన్ మేడం
ఫిబ్రవరి 2, రాత్రి 9:10

ఒక్కొక్కరికీ దణ్ణం. శుక్రవారం పిల్లలందర్నీ కూర్చోబెట్టి "ఎండాకాలం గురించి నేను చెప్పింది తప్పు" అన్నాను. ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. పదో తరగతి అమ్మాయి "మాకు చెప్పలేదు కదా మేడం, వాడికే కదా" అని తన లెక్కలోకి వెళ్ళిపోయింది. ఇన్ని రాత్రులు నిద్ర చెడగొట్టుకున్నందుకు నాకే నవ్వొచ్చింది.

నిన్న ఆదివారం డాబా ఎక్కాం. పిండి ముద్దలో పుల్ల రెండుసార్లు ఒరిగిపోయింది, పిండిలో ఇంకొంచెం పొడి కలిపితే నిలబడింది. 12:22కి నీడ 20 సెంటీమీటర్లు, ఉత్తరాన వాటర్ ట్యాంకు వైపు. ట్యాంకు గోడ మీద బొగ్గుతో రాశారు. గుమాస్తా గారబ్బాయి కొలిచాడు, ఇంకెవర్నీ స్కేలు ముట్టుకోనివ్వలేదు.

మ్యాథ్స్ సార్, మీ చీటీల డబ్బా కూడా పెట్టాను, పాత హార్లిక్స్ సీసా. మొదటి రోజే పదకొండు చీటీలు. వాటిలో మూడు "మేడం, రేపు సెలవు ఇస్తారా".

బ్రాడీపేట ట్యూషన్ మేడం
మే 6, మధ్యాహ్నం 3:30

ఈ పాత ముచ్చట మళ్ళీ పైకి తెస్తున్నాను, మాస్టారు చూస్తారని.

గోడ మీద ఇప్పుడిలా ఉంది: ఫిబ్రవరి 1న 20, మార్చి 15న 10, ఏప్రిల్ 12న 4. ఇవాళ సెలవులైనా తొమ్మిది మంది వచ్చారు. డాబా మీద కాలు పెట్టే పరిస్థితి లేదు, గోనెసంచులు తడిపి పరిచి వాటి మీద నిలబడ్డాం. 12:05. పుల్ల నీడ పిండి ముద్ద దాటి బయటికి రాలేదు. వాటర్ ట్యాంకు పక్కన పెట్టిన స్టీలు గ్లాసుకీ నీడ లేదు. ఎనిమిదో తరగతి పిల్ల తన నీడ ఏమైందా అని చుట్టూ తిరిగి చూసుకుంది, కాళ్ళ కింద ఉంది. మాస్టారూ, ఆ టీ పందెం మీరే గెలిచి ఉంటారు.

గుమాస్తా గారు కూడా పైకి వచ్చి తలకి తుండుగుడ్డ చుట్టుకుని చూశారు. బాగుందమ్మా అన్నారు. ఏప్రిల్ ఫీజు ఊసెత్తలేదు.

దిగేటప్పుడు వాళ్ళబ్బాయి మెట్ల మీద ఆగిపోయాడు. "మేడం, ఆగస్టులో సూర్యుడు మళ్ళీ నడినెత్తికి వస్తాడు కదా, మరి అప్పుడు ఎండాకాలం రాదేం?" ఈసారి కుక్కరు లేదు, జవాబు కూడా తెలుసు, వానల ముక్క నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆగస్టు 6న మధ్యాహ్నం స్కేలు పట్టుకుని రమ్మన్నాను. ఆ రోజు మబ్బు పట్టి అసలు నీడే పడకపోతే, వాడికి నేను ఇంకేమీ చెప్పనక్కర్లేదు.